మందుల చీటీ రాసింది తినేవాళ్ల కోసం: టైప్ 2 డయాబెటిస్, ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్

అందరికీ నమస్కారం. మొదట ఒక చిన్న పని. మీ మందుల చీటీ దగ్గరుంటే బయటికి తీయండి. కాగితం లేకపోతే ఫోన్‌లో ఫోటో ఉన్నా సరిపోతుంది. ఈ గంటసేపూ దాన్ని కంటి ముందు పెట్టుకునే వినండి. ఈరోజు ఉపవాసం గురించి చెప్పబోయేదంతా ఆ చీటీ చుట్టూనే తిరుగుతుంది మరి.

ఆ చీటీ రాసేటప్పుడు డాక్టర్ మనసులో మూడు పూటలా తినే మనిషి ఉన్నాడు. ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, ఏ ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు అన్నది ఆ మూడు పూటల తిండికి వేసిన లెక్క. రేపటి నుంచి మీరు పొద్దుటి పూట మానేశారనుకోండి. తిండి మారింది, చీటీ మారలేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్‌లో వచ్చే పెద్ద ప్రమాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. ఆకలి దగ్గర కాదు.

లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. కాదనను. కాకపోతే ఆ మాట పుట్టేనాటికి గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర పుట్టలేదు.

తిండి తగ్గిస్తే షుగర్ తగ్గుతుందన్నది వైద్యానికి ఎప్పటినుంచో తెలుసు. 1870లో పారిస్ నగరం ముట్టడిలో చిక్కుకుని జనం అరకొర తిండితో గడిపినప్పుడు, తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోవడం బుషార్దా అనే ఫ్రెంచి వైద్యుడు గమనించాడు. ఇన్సులిన్ రాకముందు, 1910ల్లో, అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ దాదాపు ఆకలి మాడ్చే పథ్యంతోనే వైద్యం చేశాడు. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 పిల్లలు దానివల్ల కొన్నాళ్లు ఎక్కువ బతికారు, ఎముకల గూళ్లుగా బతికారు. 1922 జనవరిలో మొదటి ఇన్సులిన్ సూది పడ్డాక ఆ పద్ధతి మూలన పడింది. ఇప్పుడు వేరే పేరుతో, వేరే రోగుల కోసం మళ్లీ వచ్చింది.

ఇప్పుడు జనం చేస్తున్నవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, రోజులో తినే గంటలను కుదించడం: 8 గంటల్లో తినేసి 16 గంటలు ఆపడం. దీన్నే 16:8 అంటారు. కాస్త మెత్తగా కావాలంటే 14:10. రెండోది 5:2. వారంలో 5 రోజులు మామూలుగా, 2 రోజులు 500 నుంచి 600 కేలరీలే. మూడోది రోజు విడిచి రోజు. మూడోది ఎక్కువకాలం చేసేవాళ్లు తక్కువ, మందులు సర్దడమూ కష్టం. దాని గురించి ఈరోజు ఇంతకంటే మాట్లాడను.

ముందుగా లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇది అర్థమైతే మీ మీటర్ చూపించే సగం వింతలు వింతలుగా అనిపించవు.

మన రక్తం మొత్తంలో ఉండే గ్లూకోజ్, షుగర్ 100 దగ్గర ఉన్నప్పుడు, సుమారు 5 గ్రాములు. ఒక్క చెంచా చక్కెర. మనం తినని వేళల్లో కాలేయం గంటకు దాదాపు 8 గ్రాముల గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, 70 కిలోల మనిషి లెక్కన. మెదడు, ఎర్ర రక్తకణాలు దాన్ని వాడుకుంటాయి. ఆరోగ్యవంతుల్లో ఇన్సులిన్ ఈ కుళాయిని అదుపులో ఉంచుతుంది. టైప్ 2లో కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు, కుళాయి వదులుగా ఉండిపోతుంది. అందుకే ఏమీ తినకపోయినా పరగడుపు షుగర్ 150 ఉంటుంది. దానికితోడు తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి ఆ కుళాయిని ఇంకాస్త తిప్పుతాయి.

16:8 మొదలుపెట్టినవాళ్లు మొదటి వారంలోనే కంగారుపడేది ఇక్కడే. పొద్దున 6కి 148. ఏమీ తినలేదు. 9కి చూస్తే 163. 'ఉపవాసం చేస్తే పెరుగుతోందేమిటి, నాకిది పడదు' అని వదిలేస్తారు. పడకపోవడం కాదు, అది కాలేయం పని. కొన్ని వారాల్లో బరువు తగ్గి, కాలేయంలో పేరుకున్న కొవ్వు కరిగేకొద్దీ ఆ పొద్దుటి అంకె దిగడం మొదలవుతుంది. కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే దాచిపెట్టిన గ్లూకోజ్, సుమారు 100 గ్రాములే. 12 గంటలు దాటాక శరీరం కొవ్వు వైపు మళ్లడం, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు కొద్దికొద్దిగా పెరగడం మామూలే. ఈ కీటోన్ల మాట గుర్తుంచుకోండి, మందుల దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక ఇది నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తుంది. అయితే వేరే పద్ధతిలో అంతే తిండి తగ్గించినా దాదాపు అంతే పనిచేస్తుంది. 2018లో ఆస్ట్రేలియాలో 137 మంది టైప్ 2 రోగులతో ఏడాదిపాటు చేసిన పరీక్షలో ఒక గుంపు 5:2 పాటించింది, ఇంకో గుంపు రోజూ 1200 నుంచి 1500 కేలరీలు తిన్నది. మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, మొదటి గుంపులో 0.3, రెండో గుంపులో 0.5 తగ్గింది. బరువు 6.8 కిలోలు, 5 కిలోలు. గణాంకాల లెక్కలో షుగర్ విషయంలో రెండూ సమానమే. 2023లో షికాగోలో 75 మందితో ఆరు నెలలు చేసినదాంట్లో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తినమన్నారు, కేలరీలు లెక్కపెట్టొద్దన్నారు. వాళ్లకు తెలియకుండానే రోజుకు దాదాపు 300 కేలరీలు తగ్గాయి. హెచ్‌బీఏ1సీ దాదాపు 0.9 మేర తగ్గింది. కేలరీలు లెక్కపెట్టిన గుంపులోనూ అంతే దిగింది.

అంటే గడియారంలో మంత్రమేమీ లేదు. దాని లాభం ఏమిటంటే, లెక్కలు పెట్టడం ఇష్టంలేనివాళ్లకు ఇదొక తేలిక గీత. 'రాత్రి 7 తర్వాత వంటింటి వైపు వెళ్లను' అన్న నియమం పాటించడం, ప్రతి ముద్దనూ తూచడం కంటే చాలామందికి సులువు. మీకు లెక్కే సులువనిపిస్తే లెక్కే పెట్టుకోండి, ఉపవాసం అవసరం లేదు.

ఏ గంటల్లో తినాలన్నది మాత్రం కొంచెం ఆలోచించాల్సిన విషయం. చాలామంది పొద్దుటి పూట కోస్తారు, ఎందుకంటే అది తేలిక. 2015లో 22 మంది టైప్ 2 రోగులకు రెండు వేర్వేరు రోజుల్లో ఒకే మధ్యాహ్న భోజనం, ఒకే రాత్రి భోజనం పెట్టి చూశారు. తేడా అల్లా ఒక రోజు పొద్దున తిన్నారు, ఇంకో రోజు తినలేదు. తినని రోజున మధ్యాహ్నం షుగర్ గరిష్ఠంగా 268కి వెళ్లింది, తిన్న రోజున 192. రాత్రికి కూడా 298, 215. పొద్దుటి తిండి ఇన్సులిన్ తయారుచేసే క్లోమాన్ని తట్టిలేపుతుంది, ఆ తర్వాతి పూటకు అది సిద్ధంగా ఉంటుంది. 2018లో ఇంకో చిన్న పరీక్ష జరిగింది. షుగర్ అంచున ఉన్న 8 మంది మగవాళ్లు ఐదు వారాలు 6 గంటల్లోనే, మధ్యాహ్నం 3 లోపే తిండి ముగించారు. బరువు తగ్గనివ్వలేదు, అయినా ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగయ్యాయి. ఎనిమిది మందే కదా, దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదు. నా అభిప్రాయం అడిగితే, రెండు చివర్లలో ఒకటి కోయాలంటే రాత్రిది కోయండి. 8 నుంచి 5, లేదా 9 నుంచి 6. ఇంట్లో అందరూ రాత్రే కలిసి తింటారు, కుదరదు అంటే షికాగో వాళ్లలా 12 నుంచి 8. అది కూడా పనిచేసిందిగా.

సరే, ఇప్పుడు చీటీ చూడండి. ఒక్కో మందు పేరు చెబుతాను, మీది వచ్చినప్పుడు చెవి రిక్కించండి. ఒక్కమాట ముందే: ఇవి మీ డాక్టర్‌ను ఏం అడగాలో తెలియడానికి చెబుతున్నాను, ఇంట్లో మీరే కత్తిరించుకోవడానికి కాదు.

మెట్‌ఫార్మిన్. ఇది ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోయే భయం దాదాపు లేదు. ఇబ్బందల్లా ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, విరేచనాలు. మూడు పూటలు వేసుకునేవాళ్లు రెండు పూటలే తింటే మొత్తం మోతాదును ఆ రెండు భోజనాలకు పంచుకోవచ్చేమో అడగండి. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్లు, పియోగ్లిటజోన్: వీటిని సాధారణంగా మార్చరు. అకార్బోస్, వోగ్లిబోస్ మొదటి ముద్దతో వేసుకునేవి. ముద్ద లేకపోతే మాత్రా లేదు. రెపాగ్లినైడ్‌దీ అదే సూత్రం.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్. ఇక్కడ ఆగాలి. ఇవి సల్ఫోనైల్ యూరియాలు. మీరు తిన్నారా లేదా అని ఇవి చూడవు. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తూనే ఉంటాయి. పొద్దున 7కి మాత్ర వేసుకుని మధ్యాహ్నం 1 దాకా తినకపోతే 11 ప్రాంతంలో వణుకు మొదలవుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ వీటిలో మరీ మొండిది, పెద్ద వయసువాళ్లలో, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో రోజంతా ఒంట్లో ఉండిపోతుంది. డాక్టర్లు మామూలుగా చేసేది ఏమిటంటే, 16:8 వాళ్లకు ఈ మాత్రను మొదటి భోజనానికి జరిపి మోతాదు తగ్గిస్తారు. 5:2 వాళ్లకు ఉపవాసం రోజున ఆపేస్తారు. హెచ్‌బీఏ1సీ ఇప్పటికే 7 దగ్గర ఉంటే మొత్తంగా తీసేయడమూ ఉంది.

ఇందులో ఒక చిక్కుంది. 'నేను వేసుకునేది ఒక్క మాత్రేనండీ, చిన్నదే' అంటారు. ఆ స్ట్రిప్ తిప్పి వెనక చదవండి. గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, ఒక్కోసారి మూడోదిగా పియోగ్లిటజోనో వోగ్లిబోసో కూడా అందులోనే ఉంటాయి. మూడు మందులు ఒక్క బిళ్లలో. ఇందులోంచి గ్లిమెపిరైడ్ ఒక్కదాన్నే తగ్గించడం మీ వల్ల కాదు. సగానికి విరుద్దామంటే లోపలి మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా కరిగేలా చేసిన రకం, విరిస్తే ఆ ఏర్పాటు పాడవుతుంది. కాబట్టి ఇలాంటి బిళ్ల వేసుకునేవాళ్లు ఉపవాసం మొదలుపెట్టకముందే డాక్టర్ చేత మందులను విడివిడిగా రాయించుకోవాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్. పేరు చివర ఫ్లోజిన్ ఉంటే ఇది మీ కోసమే. ఇవి గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపేస్తాయి. ఒంట్లో నీరూ పోతుంది. దీనికి ఉపవాసం తోడైతే, తక్కువ పిండిపదార్థాల పథ్యం కూడా కలిస్తే, కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారవచ్చు. దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. ఇది మోసకారి. మామూలు కీటోఅసిడోసిస్‌లో షుగర్ 300, 400 ఉంటుంది కాబట్టి అందరూ అప్రమత్తమవుతారు. ఇక్కడ మీటర్ 160 చూపిస్తుంటుంది, మనిషి మాత్రం వాంతులతో, కడుపునొప్పితో, ఆయాసంతో పడిపోతాడు. 'షుగర్ బాగానే ఉంది, అజీర్ణం అయ్యుంటుంది' అనుకుని ఇంట్లో ఉంచేస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని గురించి 2015లోనే హెచ్చరించింది. ఫ్లోజిన్ వాడుతూ వికారం, వాంతులు వస్తే ఉపవాసం ఆపండి, మాత్ర ఆపండి, మీటర్ అంకెతో సంబంధం లేకుండా కీటోన్లు చూపించుకోండి. రక్తంలో కీటోన్లు 0.6 లోపు మామూలు, 1.5 దాటితే ప్రమాదం వైపు, 3 దాటితే అత్యవసరం.

సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్ సూదులు తీసుకునేవాళ్లకు ఆకలే ఉండదు, ఉపవాసం తేలిగ్గా అనిపిస్తుంది. అదే వాళ్ల ఇబ్బంది. తినే ఆ కొన్ని గంటల్లో కూడా సరిపడా ప్రొటీన్, నీళ్లు లోపలికి పోవు. కండ కరుగుతుంది.

ఇక ఇన్సులిన్. రాత్రి ఒక్కసారి తీసుకునే గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటివి ఆధార ఇన్సులిన్లు. వీటిని పూర్తిగా ఆపరు. రోజూ 16:8 చేసేవాళ్లకు 10 నుంచి 20 శాతం తగ్గించి మొదలుపెట్టి, పరగడుపు అంకెలు చూస్తూ సర్దడం వాడుక. భోజనానికి ముందు తీసుకునే త్వరిత ఇన్సులిన్ తినే పూటకే. అన్నిటికంటే తలనొప్పి ప్రీమిక్స్, అంటే రెండు రకాల ఇన్సులిన్ కలిపినది, 30/70 అని రాసి ఉండేది. పొద్దున 8కి 20 యూనిట్లు తీసుకుని తిండి 1 గంటకు జరిపారనుకోండి. అందులోని 30 శాతం త్వరిత భాగం 10 నుంచి 12 మధ్య బలంగా పనిచేస్తుంది. ఆ వెనకే 70 శాతం భాగం అందుకుంటుంది. పని చేయడానికి ఇన్సులిన్ ఉంది, తిండి లేదు. ప్రీమిక్స్ మీద ఉన్నవాళ్లు దాన్ని వేరే రకానికి మార్పించుకోకుండా 16:8 చేయకూడదనే నేను అంటాను.

మోతాదులు తగ్గించినంత మాత్రాన పూర్తి భద్రత వచ్చేసినట్టు కాదు. న్యూజిలాండ్‌లో 41 మందితో 5:2 పరీక్షించినప్పుడు ముందే మందులు తగ్గించి, రోగులకు చెప్పాల్సినవన్నీ చెప్పారు. అయినా ఉపవాసం రోజుల్లో షుగర్ పడిపోవడం మామూలు రోజులకంటే రెండింతలు జరిగింది. ఉపవాసం రెండు రోజులూ వరుసగా చేసినా, విడివిడిగా చేసినా తేడా కనబడలేదు. మరోవైపు ఆస్ట్రియాలో ఇన్సులిన్ తీసుకునే 46 మందిపై 12 వారాలు జాగ్రత్తగా చేసిన పరీక్షలో తీవ్రంగా పడిపోయిన ఘటన ఒక్కటీ లేదు, ఇన్సులిన్ మోతాదూ తగ్గింది. ఇన్సులిన్ వాడేవాళ్లు అసలు చేయకూడదని కాదు, ఒంటరిగా చేయకూడదు.

చీటీలో బీపీ మాత్రలు కూడా చూడండి. బరువు, ఉప్పు, నీరు తగ్గేకొద్దీ బీపీ తగ్గుతుంది. మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్ర వాడేవాళ్లు లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే, షుగర్ ఒక్కటే కాదు, బీపీ కూడా చూసుకోవాలి. బీటా బ్లాకర్లు, అంటే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వేసుకునేవాళ్లకు షుగర్ పడిపోయినప్పుడు వణుకు, గుండెదడ సరిగ్గా తెలియవు. చెమటలు మాత్రం పడతాయి. కారణం లేని చెమట పడితే వెంటనే వేలు గుచ్చి చూసుకోండి.

ఎలా మొదలుపెట్టాలి? ముందు మూడు రోజులు ఏమీ మార్చకుండా అంకెలు రాసుకోండి: లేవగానే, మొదటి భోజనం ముందు, పెద్ద భోజనం తర్వాత 2 గంటలకు, పడుకోబోయే ముందు. ఈ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కళ్ల పరీక్ష ఈమధ్య చేయించుకోకపోతే చేయించుకోండి. కళ్లెందుకంటే, చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా తగ్గితే కంటి రెటీనా జబ్బు కొందరిలో కొన్నాళ్లపాటు ముదురుతుంది.

మొదటి రెండు వారాలు 12 గంటలే. రాత్రి 8కి ముగించి పొద్దున 8కి తినడం. ఇదేమిటి, ఇది ఉపవాసమా అనకండి. రాత్రి పదకొండింటి చిరుతిండి మానేయడమే చాలామందికి పెద్ద మార్పు. తర్వాత రెండు వారాలు 13, ఆపైన 14. చాలామంది అక్కడే ఆగిపోవచ్చు. 16 అన్నది తీర్చాల్సిన మొక్కు కాదు. 14 దగ్గర పరగడుపు అంకె, బరువు దిగుతుంటే ఇంకా లాగాల్సిన పనిలేదు. మందు మార్చిన ప్రతిసారీ రెండు వారాలు ఆ నాలుగు అంకెలూ మళ్లీ రాయండి.

5:2 ఎంచుకుంటే ఆ 500, 600 కేలరీలు దేనితో నింపుతారన్నది ముఖ్యం. కనీసం 50 గ్రాముల ప్రొటీన్, అంటే 200 కేలరీలు. పిండి లేని కూరగాయలు కడుపునిండా, 100 నుంచి 150 కేలరీలు. వంటకు రెండు చెంచాల నూనె, 80, 90 కేలరీలు. మిగిలింది కాస్త పిండిపదార్థం. ఆ కేలరీలన్నీ బిస్కెట్లతోనో పండ్లరసంతోనో ముగించారంటే మూడు గంటల్లో ఆకలి నకనకలాడుతుంది, షుగర్ పైకీ కిందికీ ఊగుతుంది.

ఉపవాసం విడిచే భోజనమే అందరూ పాడుచేసుకునేది. 16 గంటలు ఆగాం కదా అని పళ్లెం నిండా పిండిపదార్థంతో మొదలుపెడితే మీటర్ 280 చూపిస్తుంది. ముందు కూరగాయలు, ప్రొటీన్ తినండి, పది నిమిషాల తర్వాత పిండిపదార్థం. అదే పళ్లెం, అదే పరిమాణం, వరస ఒక్కటే మారింది. తిన్నాక షుగర్ ఎక్కే ఎత్తు స్పష్టంగా తగ్గుతుంది. తిన్నాక 10, 15 నిమిషాలు నడవండి. ఉపవాసం గంటల్లో నీళ్లు తాగవచ్చు, చక్కెరా పాలూ రెండూ లేని టీ, కాఫీ తాగవచ్చు. రెండు చెంచాల చక్కెర వేసిన కప్పు అంటే 8 నుంచి 10 గ్రాముల చక్కెర, పైన పాలు. అది రోజుకు నాలుగుసార్లయితే మీరు ఉపవాసం చేయట్లేదు, ద్రవాహారం తీసుకుంటున్నారు.

ఎప్పుడు ఆపేయాలి? 70 లోపు వస్తే అక్కడితో ఆ రోజు ఉపవాసం అయిపోయింది. సల్ఫోనైల్ యూరియా, ఇన్సులిన్ వాడేవాళ్లు 70, 90 మధ్య ఉన్నా, భోజనానికి ఇంకా గంటలు ఉంటే తినేయండి, ఆ స్థితిలో బండి నడపకండి. 300 దాటినా ఆపాలి. జ్వరం, విరేచనాలు, వాంతులు ఉన్న రోజున ఉపవాసం లేదు.

షుగర్ పడిపోయినప్పుడు 15 గ్రాముల గ్లూకోజ్: మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి, లేదా మూడు చెంచాల చక్కెర, లేదా అర కప్పుకు కాస్త ఎక్కువగా పండ్లరసం. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. పైకి వచ్చాక మామూలుగా తినండి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. అకార్బోస్, వోగ్లిబోస్ వేసుకునేవాళ్లకు చక్కెర పనిచేయడం ఆలస్యమవుతుంది, వాళ్ల జేబులో గ్లూకోజే ఉండాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. సల్ఫోనైల్ యూరియా వల్ల షుగర్ పడిపోతే ఒకసారి పైకి లేచినా కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, అందుకే ఆసుపత్రిలో ఒక రోజు ఉంచుతామంటే వాదించకండి.

మీటర్ గురించి ఒక్కమాట. 100 పైన అంకెకు 15 శాతం అటూ ఇటూ ఉండటానికి మీటర్ల ప్రమాణాలే ఒప్పుకుంటాయి. నిన్న 142, ఈరోజు 151 అంటే ఏమీ పెరగలేదు. పండు ఒలిచిన చేత్తో గుచ్చుకుంటే 200 కూడా చూపిస్తుంది. చేతులు నీళ్లతో కడిగి తుడుచుకుని చూడండి.

ఎవరు చేయకూడదో త్వరగా చెబుతాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, టైప్ 1 వాళ్లు, బరువు ఇప్పటికే తక్కువున్నవాళ్లు, తిండి విషయంలో మానసిక రుగ్మత ఉన్నవాళ్లు, షుగర్ పడిపోతే తెలియనివాళ్లు, గతంలో కీటోఅసిడోసిస్ వచ్చినవాళ్లు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు, వయసుతో బక్కచిక్కినవాళ్లు. పిత్తాశయంలో రాళ్లు, గౌట్ అనే కీళ్ల జబ్బు ఉన్నవాళ్లు వేగంగా బరువు తగ్గితే అవి తిరగబెడతాయి, నెమ్మదిగా వెళ్లాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ఉపవాసం చేస్తే కణాలు తమను తాము శుభ్రం చేసుకుంటాయట కదండీ, నోబెల్ కూడా వచ్చిందట?)

వచ్చింది. కణాల ఆ శుభ్రతనే ఆటోఫజీ అంటారు, దాని మీద పరిశోధనకు 2016లో యోషినోరి ఓసుమికి ఇచ్చారు. ఆయన పనిచేసింది ఈస్ట్ కణాల మీద. 16 గంటలు ఆగితే మీ క్లోమం శుభ్రపడుతుందని ఆ బహుమతి చెప్పలేదు. ఆటోఫజీ కోసం కాదు, నడుం చుట్టుకొలత కోసం చేయండి.

(సభలోంచి: మందులు పూర్తిగా మానేయొచ్చా?)

కొందరికి వీలవుతుంది. మందులు ఆపి కనీసం మూడు నెలలైనా హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే దాన్ని ఉపశమన దశ అంటారు, పూర్తిగా నయమైందని అనరు. 2017లో బ్రిటన్‌లో వెలువడిన పరీక్షలో రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారంతో మూడు నుంచి ఐదు నెలలు గడిపినవాళ్లలో 46 శాతం ఏడాదికి ఆ దశలో ఉన్నారు. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం. రెండేళ్లకు మొత్తం మీద అది 36 శాతానికి వచ్చింది. ఆ పరీక్షలో చేరినవాళ్లందరికీ షుగర్ వచ్చి ఆరేళ్ల లోపే, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉండి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఆ అంకె చూసి మందులు పారేయకండి.

(సభలోంచి: నేను ఉపవాసాలేమీ చేయనండీ. కానీ పరగడుపు రక్తపరీక్షకు వెళ్లే రోజు మాత్ర వేసుకుని వెళ్లాలా, వద్దా?)

మంచి ప్రశ్న. మీరు చేయననుకున్నా, ఆ రోజు మీరు చేసేది ఉపవాసమే. ముందురోజు రాత్రి ఆధార ఇన్సులిన్ ఉంటే డాక్టర్ వేరే చెప్పకపోతే మామూలుగానే తీసుకోండి. పొద్దుటి సల్ఫోనైల్ యూరియా, భోజనం ముందు ఇన్సులిన్ మాత్రం ఇంట్లో వేసుకుని బయల్దేరకండి. మాత్ర, ఇన్సులిన్ పెన్, ఏదైనా తిండి, కాస్త గ్లూకోజ్ పొడి, మీటర్ సంచిలో పెట్టుకోండి. పరీక్షకు పొద్దున్నే వెళ్లండి, షుగర్ ఉందని చెప్పి ముందు రక్తం ఇవ్వండి. వరసలో నిలబడ్డప్పుడు చెమట పట్టి 70 లోపు వస్తే పరీక్ష ఆ రోజుకు వదిలేసి గ్లూకోజ్ తాగండి, రక్తం రేపైనా ఇవ్వచ్చు. తిన్నాక రెండు గంటలకు మళ్లీ రక్తం తీస్తామంటే, ఆ భోజనంతో మామూలు మందు వేసుకోవాలో వద్దో ముందే అడిగి తెలుసుకోండి. ఆ రెండో పరీక్ష లేనివాళ్లు రక్తం ఇచ్చి, తిండి చేతికి వచ్చాకే మాత్ర తీయండి.